ఎం.ఎన్.జె.కు డెబ్బై ఏళ్లు: ఓరుగల్లు పల్లెల అభినందన

లకడీకాపూల్ పక్కన రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి డెబ్బై ఏళ్లు నిండాయి. 1955లో రేడియం ఇన్‌స్టిట్యూట్ అండ్ క్యాన్సర్ హాస్పిటల్ పేరుతో అది మొదలైనప్పుడు హైదరాబాద్ ఇంకా ఒక రాష్ట్రం. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ ఏర్పడింది, 2016 దసరాకు మా వరంగల్ జిల్లా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అంటూ విడిపోయింది. ఇన్ని హద్దులు మారినా ఈ మూడు చోట్లా ఒక మాట మాత్రం మారలేదు. ముక్క పరీక్ష రిపోర్టు చూసి డాక్టరు గొంతు తగ్గించగానే, వెంట వచ్చిన పెద్దమనిషి ఎవరో ఒకరు అంటారు: “ఎమ్మెన్‌జేకు తీస్కపోండ్రి.” సర్కారు దవాఖాన మీద ఇంత నమ్మకం ఉత్తగా రాదు. దాన్ని డెబ్బై ఏళ్లు నిలబెట్టినవాళ్లకు, ఆ నమ్మకంతో బండెక్కినవాళ్ల తరఫున చెబుతున్న అభినందన ఇది.

ఆసుపత్రికి పేరిచ్చిన మెహదీ నవాజ్ జంగ్ హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా చేశారు, 1960లో గుజరాత్‌కు మొట్టమొదటి గవర్నరయ్యారు. బంజారాహిల్స్ రాళ్లూ గుట్టలుగా ఉన్న రోజుల్లో అక్కడ ఇల్లు కట్టుకుని, అది కాపురానికి పనికొచ్చే చోటేనని నగరానికి చూపించినవారు. ఎవరూ ఊహించని చోట ఒకటి మొదలుపెట్టడం ఆయన స్వభావంలోనే ఉందనిపిస్తుంది. 1955లో క్యాన్సర్‌కు వైద్యమంటే కత్తి, కాదంటే రేడియం. కీమో మందులు ప్రపంచమంతటా అప్పుడప్పుడే కళ్లు తెరుస్తున్నాయి. అలాంటి కాలంలో ఈ జబ్బుకంటూ విడిగా ఒక ఆసుపత్రి పెట్టాలనుకోవడమే పెద్ద తెగువ. తర్వాత అది ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రమైంది. అరబిందో ఫార్మా ఫౌండేషన్ కట్టించిన కొత్త బ్లాకు 2023లో తెరుచుకున్నాక పడకలు 450 నుంచి 750కి పెరిగాయి. పెరిగిన పడకలూ నిండే ఉంటాయి. అది ఆసుపత్రి లోపం కాదు. చుట్టూ ఉన్న జిల్లాల కథ.

ఆ కథలో మా మూడు ఊళ్లది పెద్ద పాలే. జనగామ వాళ్లకు కాజీపేట, సికింద్రాబాద్ మధ్య తిరిగే రైళ్లున్నాయి, పొద్దున పోయి రాత్రికి రావచ్చు. మహబూబాబాద్ నుంచి గోల్కొండో కృష్ణా ఎక్స్‌ప్రెస్సో ఎక్కితే సుమారు 200 కిలోమీటర్లు. భూపాలపల్లి వాళ్లకు ఆ రైలు సుఖం కూడా లేదు. పరకాల మీదుగా హనుమకొండకు బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. ఒక్కసారి వెళ్లి వచ్చేదైతే ఎలాగో సర్దుకుంటారు. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవడమంటే అలా కుదరదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాల పాటు రేడియేషన్, ఆ పైన లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ. అంటే మిరప ఏరే కాలంలో ఒక ఆడమనిషి ఐదారు వారాలు ఇల్లు విడిచి ఉండాలి. ఆమెకు తోడుగా ఇంకొకరు కూలి మానుకోవాలి. ఆరోగ్యశ్రీ 2007 నుంచీ వైద్యం ఖర్చు మోస్తోంది, ఎన్నో కుటుంబాలు దాని వల్లే నిలబడ్డాయి. పోయిన కూలి, పరుల ఇంట్లో పడక, దారి తిండి మాత్రం ఆ కార్డు లెక్కలోకి రావు. మధ్యలో కరెంటు ఆపేసి ఇంటికొచ్చేసినవాళ్లను మొండివాళ్లని తిట్టేముందు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

ఎం.ఎన్.జె. గొప్పతనం నాకు తెలిసినంతలో దాని బృందంలో ఉంది. ఈ జబ్బు ఒక్క డాక్టరుతో తెమలదని ఆ ఆసుపత్రి తొందరగానే గ్రహించింది. ఒక్క రోగికి కరెంటు పెట్టాలంటే గడ్డ ఏ రకమో చెప్పే పాథాలజిస్టు కావాలి, కోయాలా వద్దా తేల్చే సర్జన్ కావాలి, కిరణాలు ఎక్కడ ఎంత పడాలో నిర్ణయించే రేడియేషన్ ఆంకాలజిస్టు కావాలి, ఆ మోతాదును లెక్కగట్టి యంత్రానికి అప్పగించే ఫిజిక్స్ చదివిన మనిషి కావాలి. రోజూ పడుకోబెట్టి గీతలు సరిచూసే టెక్నీషియన్, నోట్లో పుండ్లతో అన్నం మింగలేకపోతే ఏం తాగించాలో చెప్పే పోషకాహార నిపుణురాలు, సంతకాలకూ కార్డుకూ తిరిగే సోషల్ వర్కర్, చివరికి ధైర్యం చెప్పే వార్డు ఆయమ్మ. వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా మిగతా అందరి పనీ సగంలో ఆగిపోతుంది. ఇక్కడ పనిచేసి న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌కు వెళ్లిన నోరి దత్తాత్రేయుడు గారు రేడియేషన్ వైద్యంలో ప్రపంచం ఎరిగిన వైద్యుడయ్యారు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనలాంటి వారి పేరు అందరికీ తెలుసు. యంత్రం దగ్గర గీతలు సరిచూసేవారి పేరు వాళ్ల వార్డు దాటి వినపడదు. ఈ డెబ్బై ఏళ్ల పండుగలో సగం వాళ్లదే.

నొప్పి తగ్గించే వైద్యం గురించి విడిగా చెప్పాలి. నయం కాదని తేలిన మనిషిని ఇంటికి పంపేసి చేతులు కడుక్కోవడం మన దగ్గర చాలాకాలం జరిగిన పని. ఆ అలవాటును మార్చడానికి డాక్టర్ గాయత్రి పాలట్, ఆమె బృందం ఎం.ఎన్.జె.లో ఏళ్ల తరబడి పాటుపడ్డారు. మార్ఫిన్ మాత్ర చవకైనదే. 1985 నాటి మత్తుమందుల చట్టం భయానికి ఆసుపత్రులు దాన్ని దగ్గర పెట్టుకోవడమే మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి లైసెన్సుల చిక్కు విప్పారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఉపశమన వైద్యాన్ని ముందు చేవెళ్లలో చిన్నగా మొదలుపెట్టి చూసింది. నడుస్తుందని తేలాక జిల్లాలకు విస్తరించింది. ఇప్పుడు ‘ఆలన’ బండి ఇంటి ముందుకొచ్చి ఆగుతుంది. నర్సమ్మ దిగి పుండు కడిగి, మందు ఇచ్చి, ఇంటివాళ్లకు ఎలా పట్టుకోవాలో, ఎలా పక్కకు తిప్పాలో నేర్పి వెళ్తుంది. మంచాన పడ్డ మనిషి ఆ రాత్రి నిద్రపోతే ఇల్లంతా నిద్రపోతుంది.

చేవెళ్లలో ముందు చిన్నగా చేసి చూశారన్న ఆ ఒక్క విషయం దగ్గర నేను కాసేపు ఆగాలనుకుంటున్నాను. ఈ అభినందనలో నేను ముఖ్యంగా చెప్పదలచిందీ అదే.

క్యాన్సర్ పరిశోధన అనగానే మనకు కోట్ల రూపాయల యంత్రాలు, విదేశీ ప్రయోగశాలలు గుర్తొస్తాయి. ఎన్నో పెద్ద పనులు చిన్న డబ్బుతో, సరైన సమయంలో చేతికందిన కొద్దిపాటి సాయంతో మొదలయ్యాయి. తెలుగువాళ్లకు ఇది చెప్పడానికి దూరం వెళ్లనక్కరలేదు, యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితమే చాలు. భీమవరంలో 1895లో పుట్టి, స్ప్రూ జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకుని, మద్రాసులో వైద్యం చదివి బోస్టన్ వెళ్లాలనుకున్న ఆ యువకుడి దగ్గర ఓడ ఖర్చులకు కూడా డబ్బు లేదు. కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది, మామగారు మిగతాది కూడగట్టారు. ఆ ధర్మసంస్థ వాళ్లకు క్యాన్సర్ ఊసే తెలియదు. వాళ్లు ఒక మనిషి పట్టుదల చూసి ఇచ్చారు.

అదే కాలంలో ఇంకోవైపు లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో రక్తం ఎందుకు తగ్గిపోతోందో వెతుకుతోంది. ప్రసూతి మరణాల మీద విచారణకు ఆమెను పంపింది ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్. అదే ఈనాటి భారత వైద్య పరిశోధన మండలికి (ఐ.సి.ఎం.ఆర్.) పూర్వరూపం. ఈస్ట్‌తో చేసే మార్మైట్ అనే తినే పదార్థం పెడితే ఆ రక్తహీనత తగ్గుతోందని ఆమె కనిపెట్టింది. కొంతకాలం కూనూరులోనూ పనిచేసింది. అక్కడి పోషకాహార పరిశోధనశాలే 1958లో హైదరాబాద్ తార్నాకకు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ (ఎన్.ఐ.ఎన్.) అయింది. మార్మైట్‌లో ఉన్న ఆ గుణమే ఫోలిక్ ఆసిడ్ అని తర్వాత తేలింది. అమెరికాలో లెడర్లే కంపెనీలో సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని తయారుచేసింది. ఆ బృందంలో రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవుల నిపుణులు, జంతువుల మీద పరీక్షలు చేసేవాళ్లు కలిసి కూర్చున్నారు. ఫోలిక్ ఆసిడ్‌కు ఎదురుగా పనిచేసే అమినోప్టెరిన్‌నూ వాళ్లే చేశారు. బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ ఆ మందును తెల్లరక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి చూస్తే 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఫలితాల వ్యాసం 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు, వయసు 53.

అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ మాత్ర ఇవాళ్టికీ పిల్లల తెల్లరక్త క్యాన్సర్ వైద్యంలో ఉంది. మహబూబాబాద్ తండా నుంచి వచ్చిన పిల్లవాడికి రెడ్‌హిల్స్‌లో ఆ మాత్ర ఇస్తున్నప్పుడు, బొంబాయి మిల్లు కార్మికురాలి నుంచి, కాకినాడ ధర్మసంస్థ నుంచి, లెడర్లే ప్రయోగశాల నుంచి వచ్చిన వరుసే అక్కడికి చేరుతోంది. ఇందులో ఏ అడుగు దగ్గర చిన్న డబ్బు ఆగిపోయినా తర్వాతి అడుగు పడేది కాదు.

అమెరికాలో 1971 నాటి జాతీయ క్యాన్సర్ చట్టం తర్వాత పెద్ద విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో ఎదిగిన క్యాన్సర్ కేంద్రాలు ఈ సంగతిని ఒక పద్ధతిగా మార్చుకున్నాయి. వచ్చిన పెద్ద గ్రాంటులో కొంత పక్కన పెట్టి, కొత్తగా చేరిన యువ వైద్యులకూ వేరే శాఖలవాళ్లతో కలిసి పనిచేస్తామన్నవాళ్లకూ పైలట్ నిధిగా ఇస్తాయి. ఏడాదో రెండేళ్లో టైమిస్తాయి. ఆ కాలంలో వచ్చిన చిన్న ఫలితాన్ని చూపించి వాళ్లు బయట పెద్ద నిధికి అర్జీ పెట్టుకుంటారు. మన రైతుకు దీన్ని వివరించడానికి నారుమడి చాలు. అది పట్టేది మడిలో ఒక మూల, నాటేది ఎకరాలకు ఎకరాలు.

మన దేశంలోనూ ఇలాంటి మూలలు లేకపోలేదు. ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు రెండు నెలల్లో చేయగల చిన్న పరిశోధనకు ఐ.సి.ఎం.ఆర్. 1979 నుంచి స్టైపెండు ఇస్తోంది. 2013లో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మల్టీ డిసిప్లినరీ రీసెర్చ్ యూనిట్లు పెట్టే పథకం తెచ్చింది. బీపీ, షుగరు, క్యాన్సర్ లాంటి అంటని జబ్బుల మీద, అన్ని శాఖలవాళ్లూ ఒకే ప్రయోగశాలను వాడుకుంటూ పనిచేయాలన్నది దాని ఉద్దేశం. మా వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో అలాంటి యూనిట్ ఉంది. ఆ కళాశాల పుట్టింది 1959లో. అదే ఏడు అక్టోబరులో అదే ఊళ్లో నెహ్రూ గారు రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు, ఇప్పుడది ఎన్.ఐ.టి. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది, దాని ఫార్మసీ కళాశాల నుంచి బయటికొచ్చినవాళ్లు దేశమంతా మందుల కంపెనీల్లో ఉన్నారు. డాక్టర్లు, ఇంజనీర్లు, మందులవాళ్లు ముగ్గురూ ఒకే ఊళ్లో ఉండడం అరుదైన అదృష్టం. ఈ ముగ్గురూ క్యాన్సర్ కోసం ఒకే బల్ల చుట్టూ ఎన్నిసార్లు కూర్చున్నారని అడగాలనిపిస్తుంది, అడుగుతున్నాను కూడా.

పల్లె జిల్లాల నుంచి ప్రపంచానికి పనికొచ్చే పరిశోధన వస్తుందా అని సందేహించేవాళ్లుంటారు. వాళ్లకు బార్షీ చూపిస్తాను. మహారాష్ట్ర షోలాపూర్ జిల్లాలోని ఆ చిన్న పట్నంలో 1987లో దేశంలోనే మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ మొదలైంది. పల్లెవాళ్లు ఆసుపత్రికి రారు కాబట్టి రిజిస్ట్రీవాళ్లే ఊరూరా తిరిగారు. రక్తస్రావం, గడ్డ, మానని పుండు ఉంటే చెప్పమని అరుగుల మీద కూర్చుని మాట్లాడారు. ఆ మాటల వల్లే ఆడవాళ్లు ముందటికంటే తొందరగా, జబ్బు ముదరకముందే రావడం మొదలైంది. ఆ పునాది మీదే పక్కనున్న ఉస్మానాబాద్ జిల్లాలో పెద్ద పరీక్ష జరిగింది. 30 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న 1,31,746 మంది ఆడవాళ్లు, 52 పల్లె సమూహాలు. జీవితంలో ఒక్కసారి హెచ్.పి.వి. వైరస్ పరీక్ష చేసినా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. ప్రపంచంలో ఈ క్యాన్సర్ పరీక్షల గురించి ఎక్కడ చర్చ జరిగినా ఆ జిల్లా లెక్కలు తలచుకుంటారు. ఎం.ఎన్.జె. మొదలైన 1955లో ఉస్మానాబాద్, వరంగల్ రెండూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లాలు. రెండూ మెట్ట పొలాల, వలస కూలీల జిల్లాలే. అక్కడ అయినది ఇక్కడ కాకపోవడానికి కారణం కనపడదు.

ఇంత ఉత్సాహంగా చెబుతూ ఒక చేదు విషయాన్ని దాచిపెడితే అది అభినందన కాదు, పొగడ్త అవుతుంది. మా మహబూబాబాద్ జిల్లా మరిపెడ దాటితే తిరుమలాయపాలెం. 2009లో ఆ మండలంతో పాటు అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. నడిపింది పాత్ అనే అంతర్జాతీయ సంస్థ. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉన్నవాళ్లు. తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్లే అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారు. కొన్ని మరణాల తర్వాత గొడవై 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. అంగీకారం తీసుకున్న తీరును మాత్రం పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. హెచ్.పి.వి. టీకా మంచిదే, ఆడపిల్లలను కాపాడేదే. మంచి పనిని అమ్మానాన్నలకు చెప్పకుండా చేస్తే ఊరు ఏళ్ల తరబడి వైద్యుల మాటే నమ్మదు. మా మూడు జిల్లాల్లో ఏ పైలట్ మొదలైనా ముందు తండా పెద్దలతో, వాళ్ల గోర్ బోలీలోనే, తీరిగ్గా మాట్లాడి మొదలుపెట్టాలి. వద్దన్నవాళ్లను వదిలేయాలి. ఫలితం ఏమొచ్చిందో మళ్లీ ఆ ఊరికే వచ్చి చెప్పాలి. దీనికి పట్టే నెలల్నీ డబ్బునీ ప్రాజెక్టు లెక్కలో మొదటే రాసుకోవాలి.

ఇప్పుడు మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామలోనూ భూపాలపల్లిలోనూ 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. మూడూ వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కిందివే. పదేళ్ల కింద ఈ ఊళ్లలో పాథాలజీ ప్రొఫెసరు, కమ్యూనిటీ మెడిసిన్ విభాగం ఉంటాయంటే ఎవరూ నమ్మేవారు కాదు. జిల్లా ఆసుపత్రులన్నిటిలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అవి వస్తే కీమో సీసా ఎక్కించుకోవడానికి ప్రతిసారీ హైదరాబాద్ పోవాల్సిన అవసరం తగ్గుతుంది. పడకలూ సీసాలూ ఎలాగో వస్తాయి. వాటితో పాటు ప్రశ్నలు అడిగే అలవాటు కూడా రావాలన్నది నా కోరిక. డెబ్బై ఏళ్ల ఎం.ఎన్.జె. ఈ ముగ్గురు చిన్నవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. ఒక్కో ప్రశ్నకు పైలట్ నిధిగా నాలుగైదు లక్షలు, ఏడాది గడువు, ఎం.ఎన్.జె. నుంచి ఒక పెద్దదిక్కు, వైద్యం బయటి శాఖ నుంచి కనీసం ఒక్కరు. ఫలితం రాకపోయినా ఎందుకు రాలేదో రాసి ఇవ్వాలన్న షరతు. ఇంతే చాలు.

అడగాల్సిన ప్రశ్నలు ఊళ్లలోనే ఉన్నాయి. జనగామలో ఒక ఆడమనిషి రొమ్ములో గడ్డను మొదట తడుముకున్న రోజు నుంచి ముక్క పరీక్ష దాకా ఎన్ని రోజులు గడుస్తున్నాయి, ఏ గడప దగ్గర ఎక్కువ ఆలస్యమవుతోంది? ఆర్.ఎం.పి. దగ్గరా, ఇంట్లో మొగుడు ఊ అనేదాకానా, బస్సు డబ్బుల దగ్గరా? దీనికి పెద్ద యంత్రమేమీ అక్కరలేదు. ఆశా కార్యకర్తలు, ఒక గణాంకాల మనిషి, ఓపిక ఉన్న ఇద్దరు విద్యార్థులు చాలు.

మహబూబాబాద్ మిరప రైతులు ఎప్పుడూ అడిగేది ఒకటే: “మందు కొట్టుడుతోనే వచ్చిందా సారూ?” అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో మలాథియాన్, గ్లైఫొసేట్ లాంటివాటిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే అవకాశం ఎక్కువున్న మందుల వరుసలో పెట్టింది. ఆ మాట చెప్పి రైతును భయపెట్టి వదిలేయడం న్యాయం కాదు. అవునని గుడ్డిగా తలూపడమూ న్యాయం కాదు. ఏ మందు, ఎన్నేళ్లు, మూతికి గుడ్డ కట్టుకున్నాడా లేదా రాసి పెట్టుకునే ఒక పుస్తకం వ్యవసాయ శాఖ, వైద్య కళాశాల కలిసి మొదలుపెడితే, పదేళ్ల తర్వాత ఆ రైతు కొడుకుకైనా సరైన జవాబు చెప్పగలం.

భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర థర్మల్ కేంద్రం, చుట్టూ తునికాకు అడవి. బొగ్గు దుమ్ము క్యాన్సర్ తెస్తుందో లేదో తేల్చేంత ఆధారం లేదని అదే అంతర్జాతీయ సంస్థ 1997లో చెప్పింది. గనిలో ఎగిరే సిలికా దుమ్మును, 2012లో డీజిల్ ఇంజను పొగను మాత్రం ఖాయంగా క్యాన్సర్ తెచ్చేవేనంది. కార్మికుల వైద్య రికార్డులు కంపెనీ ఆసుపత్రుల్లో ఉంటాయి. వాటిని అనుమతితో, పేర్లు తీసేసి, ఊపిరితిత్తుల వైద్యుడూ గని ఇంజనీరూ కలిసి చదివితే చాలా సంగతులు బయటపడతాయి. అడవిలో తునికాకు కోసే చేతులు, ఆ ఆకుతో బీడీలు చుట్టే చేతులు, ఆ బీడీ తాగే నోళ్లు మూడూ మావాళ్లవే. నోట్లో తెల్లమచ్చను సెల్‌ఫోన్ ఫొటోతో గుర్తుపట్టే పని వరంగల్ ఎన్.ఐ.టి. విద్యార్థులకు ఇస్తే సంతోషంగా చేస్తారు, అది నిజంగా మచ్చేనా కాదా సరిచూసే దంతవైద్యుడు పక్కన ఉంటే.

భూపాలపల్లి జిల్లాకు ప్రొఫెసర్ జయశంకర్ సార్ పేరు పెట్టుకున్నాం. సార్ 2011 జూన్ 21న కడుపు క్యాన్సర్‌తో పోయారు. తెలంగాణ ఎందుకు కావాలో జీవితమంతా లెక్కలతో, కాగితాలతో, నిదానంగా చెప్పిన ఆర్థికశాస్త్రవేత్త ఆయన. నీళ్ల లెక్క, నిధుల లెక్క, ఉద్యోగాల లెక్క జనానికి అప్పజెప్పారు. ఆయన పేరున్న జిల్లాలో క్యాన్సర్ లెక్క ఊరూరా సరిగ్గా రాయడం మొదలుపెడితే అంతకన్నా తగిన నివాళి నాకు తోచదు. ఐ.సి.ఎం.ఆర్. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1980ల మొదట్లోనే పెట్టింది. హైదరాబాద్ అందులో చేరింది. ఏ ఊళ్లో ఏ క్యాన్సర్ ఎక్కువో తెలియకుండా ఏ ఊళ్లో ఏ పరీక్ష పెట్టాలో ఎవరు చెప్పగలరు? భూపాలపల్లిలో రెండు మూడు మండలాలతో ఒక చిన్న రిజిస్ట్రీ మొదలుపెట్టి, బార్షీవాళ్లలా అరుగుల మీద కూర్చుని మాట్లాడుతూ నడిపించవచ్చు.

ఎం.ఎన్.జె.లో పనిచేసి రిటైరయినవారికి, ఇప్పుడు పనిచేస్తున్నవారికి, రాత్రి డ్యూటీలో సెలైన్ మార్చే నర్సమ్మలకు, బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర గద్దించి మళ్లీ జాలిపడే తమ్ముళ్లకు, ఆసుపత్రి చుట్టూ రోగులకూ తోడొచ్చినవాళ్లకూ అన్నం పెట్టే దాతలకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల తరఫున మనసారా అభినందనలు. 2022లో మహబూబాబాద్ కళాశాలలో మొదటి బ్యాచ్‌గా చేరిన పిల్లలు, మీరు డెబ్బై ఐదేళ్ల పండుగ చేసుకునే 2030 నాటికి, పీజీ చేసే వయసులో ఉంటారు. వాళ్లలో కొందరు మీ ఓపీలో తెల్లకోటు వేసుకుని నిలబడతారు. అవతల కూర్చున్న ముసలమ్మ తన ఊరి పేరు చెబితే, ఆ ఊరు ఏ మండలమో, అక్కడి నుంచి పొద్దున బస్సు ఎన్నింటికో వాళ్లకు తెలిసే ఉంటుంది.